పెద్దవాళ్ళ లుకేమియాకి బొడ్డుతాడు రక్తం: నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు

మా బావగారికి 2014లో ఏఎంఎల్ వచ్చింది, అదొక రకం లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్. అప్పుడాయనకి 43 ఏళ్ళు, ఉండేది అమెరికాలో, మిన్నెసోటాలో. తోడబుట్టినవాళ్ళు మ్యాచ్ అవ్వలేదు, మూలుగ దాతల రిజిస్ట్రీలో ఎవరూ దొరకలేదు, ఆఖరికి ముక్కూ మొహం తెలియని ఇద్దరు పసిపిల్లల బొడ్డుతాడు రక్తం ఎక్కించారు. ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకుని అక్క ఒక్కతే ఆస్పత్రి చుట్టూ తిరగలేదని నేను విజయవాడ నుంచి వెళ్ళి ఆరు నెలలు అక్కడే ఉన్నా. ఇక అప్పట్నుంచి ఎవరింట్లో లుకేమియా అని తెలిసినా నా నంబర్ ఇచ్చేస్తున్నారు, నేనేదో పెద్ద తెలిసినవాణ్ణైనట్టు. నేను డాక్టర్ని కాదండి, బ్యాంకు ఉద్యోగిని, అదీ డబ్బుల బ్యాంకు. కాకపోతే ఆ ఆరు నెలలూ, ఆ తర్వాతా కూడా డాక్టర్లని విసిగించి విసిగించి నేర్చుకున్నది కొంచెం ఉంది, అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పడేస్తున్నా.

కార్డ్ బ్లడ్ అంటే అసలేంటి?

బిడ్డ పుట్టి బొడ్డు కోశాక ఆ తాడులో, మాయలో కొంచెం రక్తం మిగిలిపోతుంది. మహా అయితే 80 నుంచి 100 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుడు అనుకోండి. మన ఊళ్ళల్లో మాయతో పాటు పాతిపెట్టేసేవాళ్ళు, ఆస్పత్రుల్లో చెత్తలో పోతుంది. అందులో స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు ఉంటాయి, ఎముకల్లో మూలుగ (బోన్ మ్యారో) లోపల ఉండి జీవితాంతం రక్తం తయారుచేసేవే ఇవి కూడా. రోగి పాత మూలుగని కీమోతో ఖాళీ చేసి వేరేవాళ్ళ మూలకణాలు ఎక్కించడాన్నే ట్రాన్స్‌ప్లాంట్ అంటారు. సూది గుచ్చేది కోసేసిన తాడుకి కాబట్టి తల్లికీ నొప్పి ఉండదు బిడ్డకీ ఉండదు. తీసిన రక్తాన్ని శుభ్రం చేసి, ఫ్రీజ్ చేసేటప్పుడు కణాలు పగలకుండా డీఎంఎస్‌ఓ అనే మందు కలిపి, లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాస్తారు. ఇరవై ఏళ్ళు దాటినా కణాలు బతికే ఉంటున్నాయని పరీక్షల్లో తేలింది.

ఇది కొత్త వైద్యమా? ప్రయోగమేనా ఇంకా?

అబ్బే, 1988 నాటిది. ఆ ఏడు అక్టోబర్‌లో పారిస్‌లో సెయింట్ లూయీ ఆస్పత్రిలో ఎలియాన్ గ్లుక్మాన్ అనే డాక్టరమ్మ, అమెరికా నుంచి వచ్చిన ఒక ఐదేళ్ళ పిల్లాడికి వాడి చెల్లెలు పుట్టినప్పుడు దాచిన రక్తం ఎక్కించింది. వాడిది లుకేమియా కాదు, ఫాంకోనీ ఎనీమియా అని మూలుగ ఎండిపోయే జబ్బు. ఆ రక్తాన్ని ఫ్రీజ్ చేసి పంపింది ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మయర్ అనే సైంటిస్టు. ఆ తర్వాత 1990ల మొదట్లో న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో పాబ్లో రుబిన్‌స్టీన్ పబ్లిక్ బ్యాంక్ పెట్టారు, అంటే ఎవరి బిడ్డదైనా దానంగా తీసుకుని ఎవరికి మ్యాచ్ అయితే వాళ్ళకి ఇచ్చేది. చాలాకాలం పిల్లలకే చేశారు. పెద్దవాళ్ళ లెక్కలు గట్టిగా బయటికొచ్చింది 2001 తర్వాతే, ఎందుకో కింద చెప్తా.

లుకేమియా అనగానే ట్రాన్స్‌ప్లాంట్ చెయ్యాల్సిందేనా?

కాదు, ఇది ముందు తెలుసుకోండి, అనవసరంగా ఇల్లు అమ్మేదాకా పోకండి. సీఎంఎల్ అనే రకానికి 2001 నుంచి ఇమాటినిబ్ మాత్ర వచ్చాక చాలామంది మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఏపీఎల్ అనే రకం విటమిన్ ఏ లాంటి మందు, ఆర్సెనిక్, ఈ రెండిటితోనే చాలామందికి నయమైపోతుంది (ఆర్సెనిక్ అంటే మన పాషాణమే, అవును, విషమే మందైంది). సీఎల్ఎల్‌కి కూడా ఇప్పుడు మాత్రలే ఎక్కువ. ట్రాన్స్‌ప్లాంట్ మాట గట్టిగా వచ్చేది ఏఎంఎల్, ఏఎల్ఎల్ లాంటి వేగంగా వచ్చే రకాల్లో, అందులోనూ జీన్ రిపోర్టు బాలేని వాళ్ళకి, కీమో అయ్యాక కూడా ఇంకా కాస్త జబ్బు మిగిలినవాళ్ళకి, ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చినవాళ్ళకి. అందుకే నాకు ఫోన్ చేసినవాళ్ళని నేను మొదట అడిగేది ఏ రకం, మ్యుటేషన్ రిపోర్ట్ వచ్చిందా, ఎంఆర్‌డీ (కీమో తర్వాత మిగిలిన జబ్బు) ఎంతుంది అని. సగం మంది దగ్గర ఆ కాయితాలే ఉండవు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పట్టుకుని తిరుగుతుంటారు, దయచేసి బోన్ మ్యారో రిపోర్టు, సైటోజెనెటిక్స్ (క్రోమోజోముల పరీక్ష) రిపోర్టు అడిగి తీసుకోండి, అవి మీవి.

అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు ఉండగా ఎవరో పసిబిడ్డ రక్తం ఎందుకు?

మ్యాచ్ అంటే బ్లడ్ గ్రూప్ మ్యాచ్ కాదండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. హెచ్‌ఎల్‌ఏ అని కణాల మీద ఉండే గుర్తులు, సగం అమ్మ నుంచి సగం నాన్న నుంచి వస్తాయి. తోడబుట్టినవాళ్ళల్లో ఒక్కొక్కరు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పుడు ఇద్దరేసి పిల్లలే కాబట్టి చాలా ఇళ్ళల్లో కలవట్లేదు. రిజిస్ట్రీలో బయటి దాత కోసం వెతికితే తెల్లవాళ్ళకి దొరికినంత తేలిగ్గా మనకి దొరకరు. 2014లో అమెరికా రిజిస్ట్రీ లెక్క వేస్తే యూరప్ మూలాలున్న తెల్లవాళ్ళకి పూర్తి మ్యాచ్ దొరికే అవకాశం 75 శాతం, దక్షిణాసియా వాళ్ళకి 33 శాతం. రిజిస్ట్రీల్లో మనవాళ్ళు తక్కువ, మన గుర్తుల్లో రకాలు ఎక్కువ, అదీ సంగతి.

కార్డ్ బ్లడ్‌కి ఉన్న గొప్ప గుణం ఇక్కడే. పసిబిడ్డ రోగనిరోధక కణాలు ఇంకా లోకం చూడనివి, దేనితోనూ గొడవపడి అలవాటు లేదు. అందుకని మ్యాచ్ కాస్త తేడా ఉన్నా సర్దుకుపోతాయి. పెద్ద దాతకి, అంటే మూలుగ ఇచ్చేది పెద్దవాళ్ళైతే, ఎనిమిది గుర్తులకి ఎనిమిదీ కలవాలని చూస్తారు, కార్డ్‌కి పాత లెక్కలో ఆరింటికి నాలుగు కలిసినా వాడేవాళ్ళు. ఇంకో లాభం, అది ఫ్రీజర్‌లో రెడీగా ఉంటుంది. పెద్ద దాత దొరికినా ఆయన్ని ఒప్పించి, పరీక్షలు చేయించి, డేట్ తీసుకునేసరికి రెండు మూడు నెలలు పోతాయి, కార్డ్ అయితే రెండు మూడు వారాల్లో తెప్పించొచ్చు. లుకేమియాలో ఆ తేడా ఒక్కోసారి ప్రాణమంత.

ఇంకో మాట. మనవైపు మేనరికాలు, దగ్గర సంబంధాలు ఉన్న ఇళ్ళల్లో తల్లిదండ్రులు, మేనమామలు, మేనత్త పిల్లల్లో కూడా పూర్తి మ్యాచ్ దొరికే అవకాశం మామూలు కుటుంబాలకంటే ఎక్కువ. తోడబుట్టినవాళ్ళు అవ్వలేదనగానే ఆగిపోకుండా "మాది మేనరికం సార్" అని డాక్టర్‌కి నోరు విప్పి చెప్పండి. వాళ్ళు అడగకపోవచ్చు, మనం సిగ్గుపడి చెప్పకపోవచ్చు.

పెద్దవాళ్ళకి ఒక బ్యాగ్ సరిపోదంటారు, నిజమేనా?

ఈ కథంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది ముప్పై ఏళ్ళు. కణాల లెక్క కిలోల్లో వేస్తారు. కార్డ్ ఎక్కించాలంటే రోగి బరువులో ప్రతి కిలోకీ కనీసం 2.5 కోట్ల కణాలు ఉండాలని ఒక మోటు లెక్క. పది కిలోల పిల్లాడికి 25 కోట్లు చాలు, ఒక మామూలు బ్యాగ్‌లో దానికి మూడు నాలుగింతలు ఉంటాయి. మా బావగారు 70 కిలోలు, అంటే 175 కోట్లు. అంత నిండుగా ఉన్న బ్యాగ్, అందులోనూ మ్యాచ్ అయ్యేది దొరకడం కష్టం. అదే పెద్దమనిషి మూలుగ తీస్తే కిలోకి 20 కోట్లు 30 కోట్లు కూడా వస్తాయి, దాదాపు పదింతలు. ఎకరం పొలానికి గుప్పెడు విత్తనాలు జల్లినట్టు ఉంటుంది కార్డ్‌తో, మొలకెత్తుతాయి గానీ పొలం నిండడానికి టైమ్ పడుతుంది, ఆలోపు కలుపు వచ్చేస్తే? ఇక్కడ కలుపు అంటే ఇన్ఫెక్షన్.

దీనికి యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా వాళ్ళు, జాన్ వాగ్నర్, జూలియట్ బార్కర్ లాంటి డాక్టర్లు, ఒక ఉపాయం చేశారు: ఒక బ్యాగ్ చాలకపోతే రెండు ఎక్కిస్తే పోలా? వేరే వేరే బిడ్డలవి. విచిత్రం ఏంటంటే రెండూ కలిసి కాపురం చెయ్యవు, కొన్ని వారాల్లో ఒకటి గెలిచి రెండోది కనుమరుగైపోతుంది, దాదాపు అందరిలోనూ ఇంతే. ఏది గెలుస్తుందో ముందే చెప్పలేరు. పిల్లల్లో ఒక బ్యాగ్ సరిపడా ఉంటే రెండోది వేసినా బతికే అవకాశం పెరగట్లేదని 2014లో తేలింది, కానీ పెద్దవాళ్ళకి సరిపడా ఒకే బ్యాగ్ దొరకనప్పుడు రెండు అనేది ఒక దారి చూపించింది.

జపాన్ వాళ్ళు మాత్రం ఒక్క బ్యాగ్‌తోనే పెద్దవాళ్ళకి చేస్తారు, ఏటా వెయ్యికి పైగానే, ప్రపంచంలో అంతమంది పెద్దవాళ్ళకి చేసేది వాళ్ళే. మనుషులు సన్నగా ఉంటారు, దేశంలో జన్యువుల తేడాలు తక్కువ, పబ్లిక్ బ్యాంకులు బాగా నడుస్తాయి. మూడూ కలిసొచ్చాయి వాళ్ళకి.

సరే, అసలు పని చేస్తుందా లేదా? సూటిగా చెప్పండి.

సూటిగా అంటే: పని చేస్తుంది, కానీ ఎవరితో పోలుస్తున్నాం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. 2004లో ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు పెద్ద స్టడీలు వచ్చాయి, పెద్దవాళ్ళ లుకేమియా మీదే. యూరప్ వాళ్ళది 98 మంది కార్డ్, 584 మంది బయటి దాత మూలుగ: జబ్బు లేకుండా బతకడంలో పెద్ద తేడా కనిపించలేదు, కార్డ్ కణాలు నిలదొక్కుకోవడం ఆలస్యం, జీవీహెచ్‌డీ (ఎక్కించిన కణాలు రోగి ఒంటి మీదే తిరగబడటం) తక్కువ. అమెరికా వాళ్ళది: పూర్తిగా మ్యాచ్ అయిన దాత ఉంటే ఆయనే మేలు, మ్యాచ్ కాస్త తప్పిన దాతతో అయితే కార్డ్ సమానం. అంటే ఎవరూ లేనివాళ్ళకి ఇదొక అసలైన దారి అని అప్పుడు నమ్మకం కుదిరింది.

2016లో సియాటిల్ ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ సెంటర్ వాళ్ళది 582 మంది లెక్క. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు కొద్దిగా జబ్బు మిగిలున్న వాళ్ళల్లో, మ్యాచ్ తప్పిన బయటి దాతకంటే కార్డ్ తీసుకున్నవాళ్ళే బాగా నిలబడ్డారు, జబ్బు తిరగబెట్టడం తక్కువ కనిపించింది. పసికణాలు మ్యాచ్ తేడాకి సర్దుకుపోతాయి గానీ లుకేమియాని మాత్రం గట్టిగానే పట్టుకుంటాయి అన్నమాట. కార్డ్‌ని ఇప్పటికీ ఇష్టపడే డాక్టర్లు చూపించేది దీన్నే.

మరి రెండో పక్క కూడా చెప్పాలి కదా. 2021లో వచ్చిన అమెరికా స్టడీలో 368 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు, ఒకళ్ళకి రెండు బ్యాగుల కార్డ్, ఇంకొకళ్ళకి ఇంట్లోవాళ్ళ సగం మ్యాచ్ మూలుగ, అందరికీ తేలికపాటి కీమోతో. జబ్బు ముదరకుండా ఉండటంలో పెద్ద తేడా తేలలేదు గానీ రెండేళ్ళకి బతికున్నవాళ్ళు కార్డ్‌లో 46 శాతం, సగం మ్యాచ్‌లో 57 శాతం. తేడా ఎక్కడొచ్చిందంటే లుకేమియా వల్ల కాకుండా వైద్యం ఇబ్బందుల వల్ల పోయినవాళ్ళు కార్డ్‌లో ఎక్కువ, 18 శాతానికి 11 శాతం. ఈ స్టడీ వచ్చేనాటికే చాలా సెంటర్లు కార్డ్ నుంచి సగం మ్యాచ్‌కి మళ్ళిపోయాయి. మా బావగారికి ఇవాళ వచ్చుంటే బహుశా ఆయన తమ్ముడివే ఎక్కించేవాళ్ళు.

సగం మ్యాచ్ అంటే?

హాప్లో అంటారు. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, వీళ్ళందరూ ఖాయంగా సగం మ్యాచే, తోడబుట్టినవాళ్ళల్లో సగం మంది కూడా. పాతరోజుల్లో ఇది చేస్తే జీవీహెచ్‌డీతో మనిషి దక్కేవాడు కాదు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు మూలుగ ఎక్కించిన మూడోరోజు, నాలుగోరోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత కీమో మందు ఇస్తే, తిరగబడే కణాలు చచ్చి మూలకణాలు మాత్రం మిగులుతాయని చూపించారు. మందు చవక, దాత ఇంట్లోనే. మన దేశానికి అతికినట్టు సరిపోయింది.

ఎక్కించేటప్పుడు ఎలా ఉంటుంది? ఆపరేషనా?

ఆపరేషన్ కాదు, కత్తీ గిత్తీ ఏమీ ఉండదు. ముందు వారం పదిరోజులు కీమో, కొందరికి ఒళ్ళంతా రేడియేషన్, పాత మూలుగని ఖాళీ చెయ్యడానికి. తర్వాత డే జీరో. నేను పెద్ద హడావిడి ఊహించుకుని స్నానం చేసి వినాయకుడికి దణ్ణం పెట్టుకుని వెళ్తే, నర్సు ఒక చిన్న బ్యాగ్ వేడినీళ్ళలో కరిగించి సెలైన్ పెట్టినట్టు పెట్టింది, అరగంట కూడా పట్టలేదు. ఆ తర్వాత రెండోది. అంతే. గదంతా మాత్రం వెల్లుల్లి ఉడికించినట్టు వాసన, అది ఆ డీఎంఎస్‌ఓ మందు ఊపిరిలోంచి బయటికి రావడం, రెండురోజులు ఉంటుంది. అక్క "ఎవరో రసం పెట్టారురా" అంది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. తెల్లకణాలు సున్నా. పొద్దున్నే ఐదింటికి రక్తం తీసుకెళ్తారు, తొమ్మిదికి బోర్డు మీద నంబర్ రాస్తారు. 0.0, 0.0, 0.0. మామూలు మూలుగ అయితే రెండు మూడు వారాల్లో లేస్తుంది, కార్డ్‌కి మూడు నుంచి నాలుగు వారాలు, ప్లేట్‌లెట్లకి ఇంకా ఎక్కువ, రెండు నెలలు కూడా పట్టొచ్చు. ఆయనకి 24వ రోజున 0.1 వచ్చింది. ఆ 24 రోజుల్లో నోరంతా పుండు, మంచినీళ్ళు కూడా మింగలేడు, జ్వరం, మార్ఫిన్, ఒకరాత్రి అక్కని పట్టుకుని ఇంక ఇంటికి తీసుకుపో అన్నాడు. రాయడానికి తేలిగ్గా ఉంది గానీ కార్డ్ తీసుకునేవాళ్ళ ఇంట్లోవాళ్ళు ముందే మనసు గట్టిచేసుకోవాల్సింది ఈ ఎదురుచూపుకే. పదిమందిలో ఒకరికి అటూఇటూగా అసలు కణాలు నిలదొక్కుకోకపోవడం కూడా ఉంటుంది, అప్పుడు ఇంకో దాతని వెతకాల్సిందే. అందుకే బ్యాగ్ ఎంచేముందు రోగి ఒంట్లో ఆ బ్యాగ్‌కి ఎదురు తిరిగే యాంటీబాడీలు ఉన్నాయేమో పరీక్ష చేయించారా అని తప్పక అడగండి.

జీవీహెచ్‌డీ అంటే ఏంటి, కార్డ్‌లో రాదా?

కొత్తగా వచ్చిన కణాలు "ఈ ఒళ్ళు నాది కాదు" అని చర్మం మీద, పేగుల మీద, లివర్ మీద పడటం. కార్డ్‌లోనూ వస్తుంది, అసలు రాదని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కానీ ఏళ్ళ తరబడి సతాయించే రకం, కళ్ళు ఎండిపోవడం, చర్మం బిగుసుకుపోవడం, అది కార్డ్‌లో తక్కువ. బావగారికి మొదట్లో ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి, స్టెరాయిడ్‌తో తగ్గాయి, ఇప్పుడు ఏ మందూ లేదు.

దీనికి ఇంకో ముఖం ఇన్ఫెక్షన్లు. లోకం చూడని కణాలు అన్నా కదా, అవి వైరస్‌ని కూడా ఎప్పుడూ చూడలేదు. పెద్ద దాత కణాలకి సీఎంవీ, హెర్పిస్ లాంటి వైరస్‌లు గుర్తుంటాయి, పసికణాలకి అన్నీ కొత్తే. సీఎంవీ మన దేశంలో పెద్దవాళ్ళల్లో దాదాపు అందరి ఒంట్లోనూ నిద్రపోతూ ఉంటుంది, ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత లేస్తుంది. కార్డ్ మన దగ్గర అంతగా అల్లుకోకపోవడానికి ఇదీ ఒక కారణమే, పైగా ఇక్కడి ఫంగస్, టీబీ, నాటు బ్యాక్టీరియా ఉండనే ఉన్నాయి, తెల్లకణాలు లేని రోజులు ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం.

తిండి సంగతి?

ఆ ఆస్పత్రి ఏం చెప్తే అదే. ఉమ్మడిగా అందరూ చెప్పేవి: పచ్చివి వద్దు, బయట తిండి వద్దు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు కొన్నాళ్ళు వద్దు. మా అక్క బాధంతా ఆ పెరుగు గురించే. పంపరపనస మాత్రం గుర్తుపెట్టుకోండి, అదీ గ్రేప్‌ఫ్రూటూ సైక్లోస్పోరిన్ లాంటి, కొత్త కణాలు తిరగబడకుండా ఇచ్చే మందుల మోతాదు రక్తంలో పెంచేస్తాయి. గదిలో పూలు, తులసికోట, మట్టి కుండీలు ఉండకూడదు, మట్టిలో ఫంగస్ ఉంటుంది. పక్కింట్లో గోడలు పగలగొడుతుంటే కొన్నాళ్ళు వేరే ఇంటికి మారండి. వినాయకచవితికి పత్రి తెచ్చి రోగి గదిలో పెట్టినవాళ్ళని నాకు తెలుసు, భక్తి కాదనను గానీ పక్క గదిలో చేసుకోండి.

మా పాప కార్డ్ బ్లడ్ ప్రైవేట్ బ్యాంక్‌లో దాచాం, ఎప్పుడైనా లుకేమియా వస్తే పనికొస్తుందా?

ఈ ప్రశ్నకి నేను కొంచెం గట్టిగానే మాట్లాడతా, ఏమనుకోవద్దు. పాపకి లుకేమియా వస్తే పాప సొంత కార్డ్ బ్లడ్ సాధారణంగా వాడరు. పిల్లల్లో వచ్చే చాలా లుకేమియాలకి మొదటి జన్యు తప్పు పుట్టకముందే పడి ఉంటుంది, అంటే దాచిన బ్యాగ్‌లో కూడా అదే విత్తనం ఉండొచ్చు. పైగా ట్రాన్స్‌ప్లాంట్ బలమంతా వేరేవాళ్ళ కణాలు లుకేమియాని శత్రువుగా చూడటంలో ఉంది, సొంత కణాలు దాన్ని మన అమ్మాయే అనుకుంటాయి. ఇంక నాన్నకి వస్తే? పాపది నాన్నకి సగం మ్యాచే, పైగా 75 కిలోల మనిషికి ఆ గ్లాసుడు రక్తం చాలదు. తమ్ముడికో అన్నకో అయితే నాలుగింట ఒక అవకాశం. ఇంట్లో అప్పటికే తలసీమియా లాంటి జబ్బుతో ఒక బిడ్డ ఉంటే రెండో బిడ్డది దాచడంలో న్యాయం ఉంది, అది డాక్టరే చెప్తాడు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే సొంతానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని రాసింది, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో ఇదే మాట అంది. అయినా ఐదోనెల స్కానింగ్‌కి వెళ్తే చాలు ఎగ్జిక్యూటివ్ ఫైల్ పట్టుకుని రెడీ, బయాలజికల్ ఇన్సూరెన్స్ అంటాడు, ఈఎంఐ అంటాడు. పురిటి ముందు ఏ తండ్రి కాదనగలడు? నేనే కట్టా మా పెద్దోడికి 2011లో, ఆ బ్యాంకు పేరెందుకు, ఇరవై ఒక్క ఏళ్ళ ప్లాన్. బావగారి డాక్టర్‌కి ఇది చెప్తే నవ్వి ఊరుకున్నాడు. ఇంకోటి, రక్తం ఎక్కువ రావాలని బొడ్డు వెంటనే కోసెయ్యనివ్వొద్దు, ఒక నిమిషమైనా ఆగి కోస్తే ఆ రక్తం బిడ్డకే వెళ్ళి ఐరన్ బాగుంటుంది.

కణాలు తక్కువనే సమస్యకి మందు ఏమీ రాలేదా?

వచ్చింది. బ్యాగ్‌లో కణాల్ని ల్యాబ్‌లో పెంచి ఎక్కించడం. ఒమిడుబిసెల్ అని, నికోటినమైడ్, అంటే బి3 విటమిన్ రకం, దాంతో మూడు వారాలు పెంచుతారు. 2023 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, 12 ఏళ్ళు దాటినవాళ్ళకి. 125 మంది మీద చేసిన ట్రయల్‌లో తెల్లకణాలు లేవడానికి సగటున 12 రోజులు పట్టింది, మామూలు కార్డ్‌కి 22. ఆ పది రోజుల విలువ నాకు తెలుసు. ధర మాత్రం మూడు లక్షల డాలర్ల పైమాటే. మాంట్రియల్‌లో కనిపెట్టిన యూఎం171 అనే ఇంకో పదార్థంతో పెంచిన కార్డ్‌కి యూరప్ 2025లో షరతులతో అనుమతి ఇచ్చింది.

కార్డ్ బ్లడ్‌తో ఎయిడ్స్ తగ్గిందని వాట్సాప్‌లో చూశా, నిజమా?

ఇది నిజమే, కానీ సగం కథే తిరుగుతోంది. న్యూయార్క్‌లో హెచ్‌ఐవీ ఉన్న ఒకావిడకి ఏఎంఎల్ కూడా వచ్చింది. 2017లో, హెచ్‌ఐవీ లోపలికి దూరే తలుపు పుట్టుకతోనే లేని ఒక బిడ్డ కార్డ్ బ్లడ్, దానికి తోడుగా ఒక బంధువు సగం మ్యాచ్ కణాలు కలిపి ఎక్కించారు. బంధువు కణాలు మొదట్లో కాపలా కాశాయి, తర్వాత కార్డ్ పైకొచ్చింది. మందులు ఆపాక కూడా వైరస్ తిరిగి రాలేదని 2022లో ప్రకటించారు. ఆవిడకి చేసింది లుకేమియా కోసం. హెచ్‌ఐవీకి మాత్రలు ఉండగా దానికోసం ఎవరూ ఇంత ప్రమాదం నెత్తికెత్తుకోరు.

జబ్బు తిరగబెడితే ఆ దాత దగ్గరికి మళ్ళీ వెళ్ళొచ్చా?

లేదు, కార్డ్‌లో ఉన్న పెద్ద లోటు ఇదే. తమ్ముడు దాత అయితే మళ్ళీ పిలిచి లింఫోసైట్లు అనే తెల్లకణాలు తీసుకుని బూస్టర్‌లా ఎక్కిస్తారు. కార్డ్ ఒక్క బ్యాగే, అయిపోతే అయిపోయినట్టే.

హైదరాబాద్‌లో చేస్తారా? ఎంతవుతుంది?

హైదరాబాద్‌లో బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేసే చోట్లు చాలానే ఉన్నాయి, నిమ్స్‌లో, బసవతారకంలో, పెద్ద ప్రైవేట్ ఆస్పత్రుల్లో చేస్తారు, వెల్లూరు సీఎంసీకి మనవాళ్ళు వెళ్ళడం ఎప్పట్నుంచో ఉన్నదే. కానీ పెద్దవాళ్ళకి కార్డ్ అంటే మన దేశంలో చాలా అరుదు. కారణాలు పైన చెప్పినవే, ప్లస్ డబ్బు: బయటి దేశాల బ్యాంకు నుంచి ఒక్క బ్యాగ్ తెప్పించడానికే 30 నుంచి 45 వేల డాలర్లు, అలాంటివి రెండు, ఇంకా గది అద్దె మొదలవ్వనే లేదు. సగం మ్యాచ్ అయితే ఇంట్లో మనిషే దాత. ఆస్పత్రిని బట్టి, ఇన్ఫెక్షన్ల అదృష్టాన్ని బట్టి ఖర్చు ఇరవై ముప్పై లక్షలు అలా చెప్తారు, ఎస్టిమేట్ రాయించుకుని ఆరోగ్యశ్రీ డెస్క్‌లో అడగండి, సీఎం రిలీఫ్ ఫండ్ కింద ఎల్ఓసీకి (ఖర్చుకి ప్రభుత్వం ముందే ఇచ్చే హామీ కాయితం) ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోండి. ముందే పెట్టుకోవాలి, అడ్మిట్ అయ్యాక తిరగడానికి ఇంట్లో మనిషి మిగలడు.

కాబట్టి మీ డాక్టర్ కార్డ్ మాట ఎత్తకపోతే దాచిపెడుతున్నాడని కాదు. నాకు ఫోన్ చేసి "మీవాళ్ళకి చేసిందే మాకూ కావాలి" అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. అమెరికాలోనో జపాన్‌లోనో ఉండి, మ్యాచ్ దాత లేక, ఇంట్లో సగం మ్యాచ్ ఇచ్చేవాళ్ళు ముసలివాళ్ళో, జబ్బువాళ్ళో అయ్యి, లేదా వాళ్ళ కణాలకి ఒంట్లో యాంటీబాడీలు ఉండి, ఇంకాస్త జబ్బు మిగిలుంటే, అప్పుడు కార్డ్ బాగా చేసే సెంటర్‌ని వెతుక్కుని అడగండి. ఏడాదికి ఎన్ని కార్డ్ చేస్తారు అని అడగండి, రెండో మూడో అంటే ఇంకోచోటు చూసుకోండి.

మేము చుట్టాలం, ఏం సాయం చెయ్యగలం?

రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వండి, కార్డ్ రోగికి అవి నెలల తరబడి కావాలి. ఒక్క జాగ్రత్త, దాత అయ్యే అవకాశం ఉన్న దగ్గరి బంధువులు డాక్టర్‌ని అడిగాకే రోగికి రక్తం ఇవ్వండి, లేనిపోని యాంటీబాడీలు తయారవుతాయి. ఇంక కుర్రాళ్ళు దాత్రి లాంటి రిజిస్ట్రీలో పేరు ఇచ్చుకోవచ్చు, బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి పంపడమే. తెలుగువాడికి మ్యాచ్ తెలుగువాడిలో దొరికే అవకాశమే ఎక్కువ. పేరిచ్చి తీరా ఫోన్ వచ్చాక ఇంట్లో వద్దన్నారని వెనక్కి తగ్గేవాళ్ళు కూడా ఉన్నారు, అలా అయితే అసలు ఇవ్వకండి.

బ్లడ్ గ్రూప్ మారిపోతుందట?

మారుతుంది. పాత ఎర్రకణాలు నాలుగు నెలల్లో పోతాయి, కొత్తవి దాత గ్రూప్‌తో వస్తాయి. బావగారు ఓ పాజిటివ్, ఇప్పుడు ఏ పాజిటివ్. చిన్నప్పటి టీకాలు కూడా పోయినట్టే, కాబట్టి మళ్ళీ మొదట్నుంచి, 44 ఏళ్ళ మనిషికి పోలియో, డీపీటీ, రెండేళ్ళు దాటాక తట్టు టీకా. మా మేనకోడలు ఆయన టీకా కార్డు మీద ఏనుగు స్టిక్కర్ అంటించింది.

ఆ బిడ్డలెవరో తెలుస్తుందా?

తెలియదు. పెద్ద దాత అయితే కొన్నాళ్ళయ్యాక ఇద్దరూ ఒప్పుకుంటే కలవనిస్తారు, పబ్లిక్ బ్యాంక్ కార్డ్‌కి అది లేదు, ఎవరిదో ఎప్పటికీ చెప్పరు. ఆయనకి ఎక్కించిన రెండు బ్యాగుల్లో ఒకటి అబ్బాయిది, ఒకటి అమ్మాయిది, ఇంతే మాకు తెలిసింది. వందో రోజు టెస్ట్‌లో రక్తంలో ఉన్నవన్నీ ఎక్స్ఎక్స్ కణాలే వచ్చాయి, అంటే గెలిచింది అమ్మాయి. బ్యాగ్ దాచిన ఏడాది బట్టి చూస్తే ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో ఉండాలి. తన రక్తం ఒక తెలుగాయన ఒంట్లో తిరుగుతోందని ఆ అమ్మాయికి తెలియదు, వాళ్ళమ్మ పురిటినొప్పుల మధ్య సంతకం పెట్టిన ఆ కాయితం సంగతి కూడా బహుశా మర్చిపోయుంటుంది.